ఎన్నాళ్లు ఉంటారు?

"అమ్మా, ఆ కాలువ గట్టున కూర్చున్నవాళ్లు ఏ జట్టు?"

సంక్రాంతికి ముమ్మిడివరం దగ్గరున్న మా పుట్టింటికి వచ్చిన రెండో సాయంత్రం మావాడు అడిగిన మాట ఇది. వాడికి పన్నెండేళ్లు, పుట్టింది మెల్‌బోర్న్‌లో. బడి వెనక ఖాళీ స్థలంలో మా తమ్ముడు ఊరి పిల్లలను పోగుచేసి క్రికెట్ ఆడిస్తుంటే వాడూ అందులో కలిశాడు. మేనమామ చేయి పట్టుకుని వచ్చినవాడు కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు, బ్యాటు కూడా ముందు వాడికే ఇచ్చారు.

గట్టు మీద ఉన్నది నలుగురు పిల్లలు. ఇటుక బట్టీలో పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల వాళ్లు. బంతి కాలువలో పడినప్పుడల్లా వాళ్లలో పెద్దవాడు మొలలోతు నీళ్లలోకి దిగి, గుర్రపుడెక్క పక్కకు తోసి, బంతి వెతికి విసురుతున్నాడు. మళ్లీ గట్టెక్కి తడి బట్టలతోనే కూర్చుంటున్నాడు. వాడి పక్కన కొబ్బరి మట్టతో చెక్కుకున్న బ్యాటు ఒకటి ఉంది. పట్టుకునేచోట గోనెపీచు చుట్టి, చేతికి గుచ్చుకోకుండా శ్రద్ధగా నునుపు చేశాడు. గంటన్నర చూశాను. ఆ బ్యాటు నేల మీద నుంచి లేవలేదు.

రాత్రి భోజనాల దగ్గర తమ్ముడిని అడిగాను. "వాళ్లు వానలు పడేలోపు వెళ్లిపోతారక్కా. జట్టులో పెట్టుకుని ఏం లాభం?" అన్నాడు. మా తమ్ముడు చెడ్డవాడు కాదు. బట్టీలో ఎవరికైనా జ్వరం వస్తే తన మోటారు సైకిల్ మీద ఆసుపత్రికి తీసుకెళ్తాడు. అయినా ఆ మాట వినగానే నాకు ముద్ద దిగలేదు. అదే మాట నేను ఆరేళ్ల కిందట మరో భాషలో విన్నాను.

మావాడిని మెల్‌బోర్న్‌లో ఒక క్రికెట్ క్లబ్బులో చేర్చిన మొదటి శనివారం, పక్క కుర్చీలో కూర్చున్న తల్లి నవ్వుతూనే అడిగింది: "ఇక్కడ ఎన్నాళ్లు ఉంటారు?" అప్పటికి మేము వీసా మీదే ఉన్నాం, ఏం చెప్పాలో తోచలేదు. ఆ సీజనంతా మావాడు బౌండరీ గీత దగ్గరే ఫీల్డింగ్ చేశాడు. మైదానం అంచున కుర్చీలు రెండు గుంపులుగా ఉండేవి, మన దేశం వాళ్లవి ఒకవైపు, వాళ్లవి మరోవైపు. జట్టులో ఒక పిల్లవాడి పుట్టినరోజు వచ్చింది, మావాడికి పిలుపు రాలేదు. ఆ రాత్రి వాడు ఏడవలేదు. కిట్ సంచి సర్దుకుని, షూ కింద మట్టి గీకుతూ చాలాసేపు కూర్చున్నాడు. ఆ చప్పుడు నాకు ఇంకా వినిపిస్తుంది.

మరుసటి ఏడు కొత్త కోచ్ వచ్చాడు. చిన్నపిల్లల ఆటలో అక్కడ జంటలుగా బ్యాటింగ్ చేయించే పద్ధతి ఉంది. అవుటైనా జంట విడిపోదు, తమ ఓవర్లు పూర్తయ్యేదాకా ఇద్దరూ ఆడతారు. ఆయన మావాడిని ఎప్పుడూ పక్కన నిలబడని పిల్లవాడితో జత చేశాడు. పరుగు తీయాలంటే ఒకరినొకరు పిలవక తప్పదు కదా. నెల తిరిగేసరికి ఆ తెల్ల పిల్లవాడు "ఆగు", "రా" అని తెలుగులో అరవడం మొదలుపెట్టాడు, అవతలి జట్టుకు అర్థం కాకూడదని! ఆ తర్వాత వాడి తల్లి కుర్చీ నా కుర్చీ పక్కకు వచ్చింది. మిగిలిన కుర్చీలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆటలు మనుషులను కలుపుతాయని అందరూ అంటారు. ఎలా కలుపుతాయన్నది ఎవరూ అడగరు. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో వేర్వేరు కులాల యువకులతో నెల రోజులు క్రికెట్ లీగులు ఆడించి చూసిన మ్యాట్ లో అనే ఆర్థికవేత్త అధ్యయనం 2021లో వెలువడింది. ఒకే జట్టులో ఆడినవాళ్ల మధ్య కులం దాటిన స్నేహాలు పెరిగాయి. ఎదుటి జట్టులో ఆడితే ఆ మేలు కనబడలేదు. ఇరాక్‌లో ఐసిస్ దాడులకు ఇళ్లు వదిలిన క్రైస్తవులను ముస్లిం ఆటగాళ్లతో ఒకే ఫుట్‌బాల్ జట్లలో ఆడించిన సల్మా మూసా అనే పరిశోధకురాలు 2020లో ఇంకా కటువైన సంగతి చెప్పింది. ఆరు నెలల తర్వాత కూడా వాళ్లు కలిసి సాధన చేయడానికి ఇష్టపడ్డారు, కానీ మైదానం బయట ఆ మార్పు పెద్దగా కనిపించలేదు. నా పక్కకు వచ్చిన ఆ ఒక్క కుర్చీని చూశాక, ఇది నాకు చాలా నిజమనిపించింది.

మా అమలాపురం కుర్రాడు, బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ సంగతే చూడండి. ముంబయి వాడైన చిరాగ్ శెట్టితో అతన్ని జత చేసింది మలేసియా నుంచి వచ్చిన కోచ్ టాన్ కిమ్ హర్. ఆ జంట 2023లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచి, ప్రపంచ మొదటి ర్యాంకు అందుకుంది. వాళ్ల ఫొటో మా తమ్ముడి ఫోను తెర మీద ఉంది. ఎవరో పూనుకుని ఒకే వైపు నిలబెడితేనే కదా ఆ జంట పుట్టింది!

గోదావరి మనుషులకు పరాయివాణ్ణి ఆదరించడం తెలియదని నేను అనను. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహం లేని ఊళ్లు ఇక్కడ తక్కువ. నీళ్లిచ్చినవాడికి దండ వేస్తాం. మన గోడలకు ఇటుక కాల్చేవాడి పిల్లలను గట్టు మీద కూర్చోబెడతాం. నన్ను బాధపెట్టేది ఇదే.

పైగా మనం కూడా ఒకప్పుడు ఆ గట్టు మీద కూర్చున్నవాళ్లమే. మా ముత్తాత రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్లి ఓడరేవులో మూటలు మోశాడు. ఎదుర్లంక వారధి దాటి యానాం మీదుగా వెళ్తే వచ్చే కోరంగి రేవు పేరుతోనే బర్మాలో తెలుగు కూలీలను "కోరంగీలు" అనేవారు, అదీ చులకనగా. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ల చోట బర్మీయులను పనిలోకి తీసుకున్నారు. సమ్మె తీరి తెలుగువాళ్లను మళ్లీ పిలవగానే అల్లర్లు చెలరేగాయి, ఎంతోమంది తెలుగువాళ్లు చనిపోయారు. మా ఇంటి వీధి తలుపు ముత్తాత పంపిన డబ్బుతో చేయించిన బర్మా టేకు తలుపే. ఆ కథ తమ్ముడికి నాకన్నా బాగా తెలుసు.

మరునాడు మావాడే వెళ్లి అడిగాడు. "మామయ్యా, ఈవేళ జంటలుగా ఆడదామా?" తమ్ముడు నా వైపు చూశాడు, కాదనలేదు. మావాడికి జతగా కాలువలో దిగే పిల్లవాడు వచ్చాడు. మొదటి బంతికే మావాడు "రా!" అని పరుగెత్తాడు, అతను కదలలేదు, రనౌటు. గట్టు మీద ఉన్న మిగతా ముగ్గురూ ఏదో అరిచారు. తర్వాతి బంతికి ఆ పిల్లవాడే అవతలి నుంచి "ఆస, ఆస!" అన్నాడు. ఒడియాలో రమ్మని పిలవడమని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత వాళ్లు ఎన్ని పరుగులు తీశారో నేను లెక్కపెట్టలేదు. ఇద్దరూ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నవ్వడం మాత్రం చూశాను.

చీకటి పడ్డాక మా బాబాయి అరుగు మీద నుంచే, "బట్టీ పిల్లలకు కూడా బ్యాటు ఇచ్చారటగా?" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. కనుమ నాటి పోటీకి పదకొండు పేర్లూ ఎప్పుడో ఇచ్చేశామని తమ్ముడు అంటున్నాడు. ఒక్క పేరు మార్చమని రెండుసార్లు అడిగాను. చూద్దాం అన్నాడు.

ఇవాళ పొద్దున ఇంకా మంచు విడవలేదు. అమ్మ ముగ్గు వేస్తోంది. గేటు బయట ఎవరో మెల్లగా పిలిచారు, "ఆస." మావాడు కాఫీ గ్లాసుల పళ్లెం దాటుకుని చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. ముగ్గు తొక్కకురా నాన్నా అని అమ్మ అరుస్తూనే ఉంది.