టేబుల్ మౌంటెన్ ఎక్కడానికి మాకు మూడు రోజులు పట్టింది

కేప్‌టౌన్ నుంచి నిన్ననే వచ్చాం. కడుపుమంట ఇంకా చల్లారలేదు, అందుకే వెంటనే రాస్తున్నాను.

వీసా, విమానం, హోటల్ అన్నీ సాఫీగా అయిపోయాయి. చిక్కంతా ఊరి నెత్తిన బల్లపరుపుగా కూర్చున్న ఆ కొండ దగ్గరే. కేబుల్ కార్ టికెట్లు మా ఊళ్లోనే ఒక ఏజెంటు దగ్గర కొన్నాను. మొదటి రోజు వెళ్తే మూసేశారు. చూస్తే ఎండ ఫెళ్లున కాస్తోంది! అడిగితే పైన గాలి అన్నారు. అక్కడ వేసవిలో ఆగ్నేయం నుంచి గాలి వీస్తుంది. అది సముద్రపు తేమను కొండ మీదికి తోస్తే మబ్బు కట్టి, అంచు మీంచి తెల్లటి దుప్పటిలా జారుతుంది. దాన్నే టేబుల్ క్లాత్ అంటారు. కింద ఎండగా ఉన్నా, పైన గాలి ఎక్కువైతే కార్ నడపరు. రెండో రోజూ అదే వరస.

ఏజెంటుకి ఫోన్ చేశాను. "మీ డేట్ అయిపోయింది సార్, మళ్లీ కొనుక్కోండి. డబ్బు చూసుకునేవాళ్లు ఫారిన్ టూర్లు పెట్టుకోకూడదు" అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది, పక్కనే అమ్మ. కాసేపాగి "నా కోసం వద్దులే నాన్నా, కింద నుంచి చూశాంగా" అంది. తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లతో అలా మాట్లాడటానికి నోరెలా వస్తుంది?

మూడో రోజు పొద్దున్నే కౌంటర్‌లో ప్రింటవుట్ చూపించాను. అక్కడి అమ్మాయి అడుగున ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది. మా టికెట్ ఏడు రోజులు చెల్లుతుందట!

టికెట్ మీరే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. కొండను చివరి రోజుకి అట్టేపెట్టకండి, దిగిన మర్నాడే వెళ్లండి.

కార్లో 65 మంది పడతారు, నేల గుండ్రంగా తిరుగుతుంది. అమ్మ కిటికీ పక్క కడ్డీ పట్టుకుంది, కాళ్లు మాత్రం ముందుకు పోతుంటే ఉలిక్కిపడి వదిలేసి నా చెయ్యి పట్టుకుంది. ఐదు నిమిషాల్లో పైనున్నాం, 1,067 మీటర్ల ఎత్తులో. దూరంగా నీళ్లలో రాబెన్ దీవి కనిపించింది. మండేలా 18 ఏళ్లు అక్కడే జైల్లో ఉన్నాడని చెప్పాను.

"అక్కణ్నుంచి ఈ కొండ కనపడేదా?"

"కనపడేదమ్మా."

గాలి మళ్లీ లేస్తోందని, అందరూ దిగాలని హూటర్ మోగేదాకా, కొంగు నెత్తిన కప్పుకుని అమ్మ అటే చూస్తూ నిలబడింది.