మొలతాడు కింద తామర

పదహారేళ్ళ మగపిల్లలకి చర్మం అంటే మొహమే. ఇంటర్లో విజయవాడ హాస్టల్లో ఎవరి ట్రంకుపెట్టె తెరిచినా ఫేస్‌వాష్ కనిపించేది. మొటిమలకి ఏం రాయాలన్న చర్చ లైట్లు తీసేశాక కూడా నడిచేది. నడుము కింద ఏం జరుగుతోందో మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పుకునేవాళ్ళు కాదు. మొటిమ వచ్చిందంటే జాలి పడతారు, గజ్జల్లో దురద అంటే నవ్వుతారు.

నాకు మొదట వచ్చింది నడుముకి కుడిపక్కన, సరిగ్గా మొలతాడు ఆనే చోట. రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ. అంచు కాస్త ఉబ్బి ఉంది, మధ్యలో చర్మం మామూలుగానే ఉంది. తామర. చెమట పట్టినప్పుడూ, రాత్రి పడుకోబోయే ముందూ దురద చంపేసేది. అప్పుడే ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) జిల్లా సెలెక్షన్లు దగ్గరపడ్డాయి, పొద్దునా సాయంత్రమూ కబడ్డీ ప్రాక్టీసు. ఒళ్ళూ ఒళ్ళూ రాసుకోకుండా కబడ్డీ లేదు. రైడర్ని పట్టాక నలుగురం వాడి మీద పడతాం, ఎవరి చెమట ఎవరిదో తెలియదు. మోకాలి క్యాపులు జట్టు మొత్తానివీ ఒకే సంచిలో ఉండేవి. తడిగానే లోపలికి, తడిగానే బయటికి. తామర అంటే ఫంగస్, దానికి చెమ్మ, వెచ్చదనం, రాపిడి ఉంటే చాలు. వానాకాలం విజయవాడలో ఆ మూడింటికీ కొదవ లేదు.

దీనికి హాస్టల్లో మందు కూడా సిద్ధంగా ఉండేది, ఒక ట్యూబు. పేరెందుకు, ఆ రకంవి బోలెడున్నాయి. మెడికల్ షాపులో "దురద" అంటే చాలు, చీటీ అడక్కుండా చేతిలో పెట్టేవాళ్ళు. రాసిన మర్నాటికే దురదా పోయేది, ఎరుపూ పోయేది. ఆపిన వారానికల్లా మళ్ళీ మొదలు, ఈసారి ఇంకాస్త పెద్దది. మళ్ళీ అదే ట్యూబు. ఇలా సంక్రాంతి దాకా లాగింది. ఈలోపు మచ్చ నడుము చుట్టూ తిరిగి, గజ్జల్లోకి దిగి, తొడల మీదకొచ్చింది. రింగు లోపల ఇంకో రింగు. సెలెక్షన్లలో కూత పడుతున్నప్పుడు కూడా నా ధ్యాస షార్ట్ అంచు మీదే. ఎంపిక కాలేదని వేరే చెప్పక్కర్లేదు.

సంక్రాంతికి ఇంటికెళితే, గుడివాడ దగ్గర మా ఊరు, బట్టలు ఉతుకుతూ అమ్మ ఆ క్రీము మరకలేంటని అడిగింది. చెప్పాను. అప్పుడు బయటపడింది, అమ్మకీ లంగా బొందు కట్టే చోట అదే దురద. చెమటకాయలనుకుని పౌడరు చల్లుకుంటోంది. తమ్ముడికి చంకలో. సెలవులకి నేను తెచ్చే మాసిన బట్టల మూట అందరి బట్టలతో కలిసి ఒకే బకెట్లో నానేది. తువ్వాలు కూడా ఇంటిల్లిపాదికీ ఒకటే.

పెద్దాసుపత్రి చర్మవ్యాధుల ఓపీలో డాక్టరమ్మ చూసీ చూడగానే "ఏం క్రీము రాశావు?" అన్నారు. రింగులో రింగు కనిపిస్తే ఆవిడకి సంగతి అర్థమైపోతుందట. జేబులోంచి ట్యూబు తీసిచ్చా. వెనకాల సన్న అక్షరాలు చదివి వినిపించారు. క్లోబెటాసాల్, అంటే బాగా ఘాటైన స్టెరాయిడ్. దానికి తోడు ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు. ఫంగస్ మీద ఒళ్ళు చేసే పోరాటమే ఎరుపుగా, దురదగా కనిపిస్తుంది. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని అణిచేస్తుంది, మనకి హాయిగా ఉంటుంది, ఫంగస్‌కి ఇంకా హాయిగా ఉంటుంది. చర్మానికి రాసే స్టెరాయిడ్లలో 14 రకాలని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మా హాస్టల్ సందుకి ఆ కబురు అందినట్టు లేదు.

తర్వాత బ్లేడు మొద్దు వైపుతో మచ్చ అంచు మీద గీకారు. తెల్లటి పొట్టు గాజు ముక్క మీద రాలింది. దాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కాసేపాగి, మైక్రోస్కోపులో నన్నూ చూడమన్నారు. చర్మం కరిగి మసకబారింది. అందులోంచి కొమ్మలేసుకుంటూ పోతున్న సన్నటి గీతలు. చాలాసేపు చూశాను, వెనకాల లైనులో వాళ్ళు విసుక్కునేదాకా.

ఇట్రాకోనజోల్ క్యాప్సూల్సు రాశారు, కడుపునిండా అన్నం తిన్నాక వేసుకోవాలి. గ్యాస్ మాత్రతో కలిపి వేసుకుంటే సరిగ్గా ఒంటికి పట్టదు. స్టెరాయిడ్ లేని క్రీము రోజుకి రెండుసార్లు, మచ్చ మీదే కాదు, అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా. మచ్చ పోయాక కూడా రెండు వారాలు రాయాలి. అమ్మకీ తమ్ముడికీ అదే రోజు వైద్యం మొదలుపెట్టారు, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుందని. ఇవన్నీ అయ్యాక నా నడుము వైపు చూపించి, "ముందు ఈ తాడు తీసెయ్యి" అన్నారు.

అసలు గొడవ అక్కడొచ్చింది. బారసాల నాడు ఆ మొలతాడు కట్టింది నాయనమ్మే. "నిక్షేపంలాంటి మగపిల్లాడు మొలతాడు తీసేసుకుంటాడట్రా? అది తీసేది ఎప్పుడో తెలుసా నీకు?" అని అన్నం దగ్గర మొహం తిప్పేసుకుంది. తీసిన తాడు వాసన చూపించా. ముక్కు మూసుకుంది గానీ మాట దిగలేదు. మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు పంతం పట్టి వెంట వచ్చింది. "తగ్గాక వెండిది చేయించండి మామ్మగారూ, నూలులా చెమట పీల్చదు, రోజూ కడుక్కోవచ్చు" అన్నారు డాక్టరమ్మ. "అలా చెప్పండి" అని, దార్లోనే కంసాలి దగ్గర ఆగుదామంది.

స్టెరాయిడ్ ఆపిన మొదటి వారం నరకం. మంట, దురద రెండింతలయ్యాయి. రాత్రిళ్ళు దురద మాత్ర వేసుకుంటే గానీ కునుకు లేదు. ఇలా అవుతుందని ముందే చెప్పబట్టి ట్యూబు జోలికి పోలేదు. మెల్లిగా అంచులు చదునయ్యాయి. మాత్రలు మాత్రం రెండు నెలలు దాటాయి.

మిగతాదంతా ఇంట్లో, హాస్టల్లో చేసుకునే పనే. ఆటయ్యాక చెమట ఆరేదాకా గ్రౌండులో కబుర్లు చెప్పుకోవడం మా అందరి అలవాటు. నేను లేచి నేరుగా స్నానానికి పోయేవాణ్ణి. మామూలు సబ్బే, డెటాల్ నీళ్ళు వద్దన్నారు. స్నానం కన్నా తుడుచుకోవడం ముఖ్యం: గజ్జలు, చంకలు, కాలివేళ్ళ సందులు పొడిగా అయ్యేదాకా, నా తువ్వాలుతోనే. షార్ట్సు వేడినీళ్ళలో నానబెట్టి, ఉతికి, తిరగేసి ఎండలో వేసి, నడుము పట్టీ దగ్గరా కుట్ల దగ్గరా ఇస్త్రీ చేయించేవాణ్ణి. గదిలో బిగుతు జీన్సు బదులు లుంగీ. లుంగీ ఏ చీటీలోనూ రాయరు గానీ, సగం వైద్యం అదే చేసిందని నా నమ్మకం.

ఆటలు నేర్పే పీడీ సార్‌కి చెప్పడానికే ఎక్కువ ధైర్యం కావాల్సొచ్చింది. "సార్, నాకు తామర. తగ్గేదాకా పట్టుల్లో దిగను" అన్నా. ఆయన నవ్వలేదు. నాకు పరుగు, ఫుట్‌వర్కు, ఒంటరిగా కూత ప్రాక్టీసు ఇచ్చారు. మోకాలి క్యాపుల సంచి బోర్లించి, ఎవరివి వాళ్ళే కొనుక్కోవాలన్నారు. ఆటయ్యాక మ్యాట్ మందు నీళ్ళతో తుడిచే డ్యూటీ వంతులవారీగా పడింది. ఆ రాత్రి నుంచి ఒక్కొక్కడే నా మంచం దగ్గరికి రావడం మొదలైంది. "మావా, నాదీ ఓసారి చూడరా."

మచ్చలు నల్లబడి, నెలల మీద చర్మంలో కలిసిపోయాయి. తొడల లోపలి చారలు మాత్రం ఉన్నాయి. స్టెరాయిడ్‌కి చర్మం పలచబడి సాగిన గీతలవి, మొదట ఎర్రగా ఉండి ఇప్పుడు తెల్లబడ్డాయి. పూర్తిగా పోవని డాక్టరమ్మ అప్పుడే చెప్పారు. ఇప్పుడు డిగ్రీ జట్టులో ఆడుతున్నా. షార్ట్ పైకి జరిగినప్పుడు జూనియర్లు చూసి, జిమ్ చేశావా అన్నా అంటారు. ట్యూబు రాశానంటాను. కొందరు బ్యాగు జిప్పు తెరిచి, ఒకటి బయటికి తీసి, "ఇదా అన్నా?" అని అడుగుతారు.