బకెట్‌లోకి ఎవరూ చూడలేదు

సాయంత్రం కత్తిపీట మీద దోసకాయ తరుగుతుంటే వేలు తెగింది. చిన్న గాటే, కానీ నైటీ నిండా మరకలు. అది చూసి ఈయన మళ్లీ లిజ్జీ బోర్డెన్ కేసు ఎత్తుకున్నారు, అమెరికాలో తండ్రినీ సవతి తల్లినీ చంపిందని కోర్టుకెక్కించిన ఆవిడ కేసు. "వేలికే ఇంత రక్తమైతే, గొడ్డలితో ఇద్దర్ని నరికిన మనిషి బట్టలు అంత శుభ్రంగా ఎలా ఉంటాయి? ఆవిడ కాదు." పదోసారి వింటున్నాను. పప్పులో నెయ్యి వేయనా అంటే జవాబుండదు, 1892 గురించి మాత్రం అడక్కుండానే చెప్తారు.

ఫాల్ రివర్ అనే ఊళ్లో వాళ్లింట్లో ఆగస్టు 4న, పదకొండు దాటాక సోఫాలో తండ్రి ఆండ్రూ శవం కనబడింది, రక్తం ఇంకా పచ్చిగానే ఉంది. మేడ మీద సవతి తల్లి ఆబీ రక్తం మాత్రం గడ్డకట్టి నల్లబడింది, అంటే ఆవిడ ఓ గంటన్నర ముందే పోయింది. బయటివాడైతే అంతసేపు ఎక్కడ దాక్కున్నాడు, పనమ్మాయి కిటికీలు కడుగుతూ తిరుగుతుంటే? దీనికి మా డిటెక్టివ్ దగ్గర జవాబు లేదు.

నన్ను తొలిచేది ఆ ఇంటి నేలమాళిగలో ఉన్న బకెట్. అందులో నెత్తుటి గుడ్డలు నానుతున్నాయి. డాక్టరుకి చెప్పానంది లిజ్జీ, అంతే, పోలీసులు ఇంక కెలకలేదు. కోర్టులో కూడా నెలసరి సంగతి ఒక్క ముక్కలో ఒప్పేసుకుని దాటేశారు.

మా అమ్మమ్మ వాళ్ల పెరట్లో, బావి వెనక, అలాంటి బకెట్టే ఉండేది. తాతయ్య అటు వెళ్లాల్సొస్తే తల పక్కకి తిప్పుకుని, దగ్గుతూ, దాటేవాడు. పిన్ని తన చీటీ డబ్బులు సరిగ్గా ఆ బకెట్ వెనకే తగరపు డబ్బాలో దాచేది, ఇల్లంతా గాలించినా మగాళ్లు అక్కడికి రారని. మామయ్య పేకాట అప్పుల కోసం బియ్యం డబ్బాలు కూడా తిరగేసిన రోజున కూడా అది అక్కడే భద్రంగా ఉంది! పిన్ని నవ్వు ఇప్పటికీ వినిపిస్తుంది.

అందుకే లిజ్జీయే అని రాద్దామని కూర్చున్నాను. రాస్తుంటే అనుమానం వచ్చింది. అవి నిజంగా నెలసరి గుడ్డలే అయితే? ఆమె లంగా మీద దొరికిన మరక గుండుసూది తలంత. మూడు రోజులకి గౌను పొయ్యిలో కాల్చింది, పెయింట్ అంటిందని చెప్పింది, 1893లో జ్యూరీ వదిలేసింది. పిన్ని తెలివి చూసి, లిజ్జీని నేరస్తురాలిని చేసేస్తున్నానేమో. తెలీదు.

ఇందాక ఈయన స్నానానికి వెళ్తూ, నైటీ నానబెట్టిన బకెట్‌ని కాలితో పక్కకి జరిపి తలుపేసుకున్నారు.