బెల్లం పాకంతో నెత్తురు

ఆదివారం, రాత్రి

పొద్దున్నంతా బట్టలు, బీరువా సర్దుళ్లతోనే సరిపోయింది. మధ్యాహ్నానికి హాస్టల్ నుంచి తమ్ముడు ఊడిపడ్డాడు. కాలేజీలో షార్ట్ ఫిల్మ్ పోటీ ఉందట, హారర్ తీస్తాడట. బడ్జెట్ ఎంతరా అంటే, "నువ్వెంత ఇస్తే అంతే అక్కా" అన్నాడు.

వాడికి పాఠం చెప్పాలనే వంకతో 'ది ఈవిల్ డెడ్' మళ్లీ పెట్టాను. ఇంటర్ రోజుల నుంచీ నాకీ బాపతు సినిమాల పిచ్చి. "ఆ నెత్తురు చూస్తూ అన్నం ఎలా దిగుతుందే నీకు" అని అమ్మ ఇప్పటికీ విసుక్కుంటుంది. దిగుతుంది. తెర మీద ఎవరి చెయ్యో తెగిపడుతుంటే, నా కళ్లు అతుకు ఎక్కడుందా అని వెతుకుతుంటాయి.

1979 చివర్లో ఆ షూటింగ్ మొదలుపెట్టేనాటికి డైరెక్టర్ శామ్ రైమీకి ఇరవయ్యేళ్లు. ముందు ఒక చిన్న సినిమా తీసి, దాన్ని చూపించి డాక్టర్ల దగ్గరా లాయర్ల దగ్గరా డబ్బు పోగేశాడు. టెనెసీ అడవిలో పాడుబడ్డ ఇల్లు, ఎముకలు కొరికే చలి, చవకరకం 16 ఎం.ఎం. కెమెరా. పరుగెత్తుతూ తీసినా బొమ్మ కుదుపుల్లేకుండా ఉంచే స్టెడీక్యామ్‌కి డబ్బుల్లేవు. కెమెరాను చెక్కపలకకు బిగించి, చెరో చివరా పట్టుకుని అడవిలో పరుగెత్తారు. చెట్ల మధ్య నుంచి నేలబారుగా దూసుకొచ్చే ఆ చూపే అందులో దయ్యం. చేతిలో నాలుగు డబ్బులుంటే ఏ రబ్బరు భూతాన్నో పెట్టేవాళ్లు, మనం పడీపడీ నవ్వేవాళ్లం.

నెత్తురేమో మొక్కజొన్న సిరప్, ఎర్ర రంగు, కాఫీలో కలుపుకునే క్రీమర్ పొడి. హీరో బ్రూస్ క్యాంప్‌బెల్ చొక్కా దాంతో తడిసి ముద్దయితే మంట దగ్గర ఆరబెట్టారట. అది అప్పడంలా బిగుసుకుపోయి, తొడుక్కోబోతే విరిగిందని చెబుతారు.

ఇది వినగానే తమ్ముడు వంటింట్లోకి పరుగెత్తాడు. సిరప్ లేదుగా, బెల్లం పాకం పెట్టాడు. లడ్డూల్లో వేసే ఎర్ర రంగు కలిపితే ఫ్యాన్సీ షాపు గోళ్లరంగులా మెరిసింది. చెంచాడు కాఫీ డికాషన్ పోయమన్నాను. నిజంగానే నల్లబడింది, ఒళ్లు జలదరించేలా. వాడి మోచేతి మీద పోస్తే మెల్లగా, తీగలా జారింది. అరగంటలో చీమలొచ్చాయి. తర్వాత అమ్మ వచ్చింది. ఆ సంగతి రాయను.

ఇంత ఇష్టపడినా, ఈ సినిమాలతో నాకు ఒక పేచీ ఉంది. ఈవిల్ డెడ్‌లో చెట్ల కొమ్మలు ఒక అమ్మాయి మీద పడి చేసే అఘాయిత్యం వచ్చినప్పుడల్లా ముందుకు జరిపేస్తాను. ఇవాళా అంతే. అందులో భయం లేదు, ఒక ఆడపిల్లను అలా చూపించొచ్చన్న తెంపరితనం తప్ప. ఇంతకీ ఆ అమ్మాయికి ఏమిష్టం, ఎవరితో పడదు? సినిమా అయిపోయినా తెలీదు. ముక్కలవడానికే వచ్చినవాళ్లు ముక్కలైతే మనకేం బాధ?

ఈ జబ్బు పాతదే. 1963లో హెర్షెల్ గోర్డన్ లూయిస్ 'బ్లడ్ ఫీస్ట్' తీశాడు, రక్తపాతం సినిమాలకు ఆద్యుడంటారు. నాలుక పీకే సీనుకి గొర్రె నాలుక తెచ్చాడు. ఆ ఒక్క సీను కోసం చుట్టూ ఎంత చప్పిడి నటన భరించాలో! (తర్వాత ఆయన ప్రకటనల రంగంలోకి వెళ్లి, ఉత్తరాలతో సరుకు అమ్మడం ఎలాగో పుస్తకాలు రాశాడు. ఆశ్చర్యమేం లేదు.)

దానికి పూర్తిగా ఎదురు 1974 నాటి 'ది టెక్సస్ చైన్‌సా మాసకర్'. అదీ తక్కువ డబ్బుతో తీసిందే. పేరు (రంపంతో ఊచకోత) వింటే నెత్తురు ఏరులై పారుతుందనుకుంటాం, తీరా చూస్తే తెర మీద కనపడేది చాలా తక్కువ. కొక్కేనికి అమ్మాయిని తగిలించే సీన్లో కొక్కెం ఒంట్లోకి దిగడం చూపించనే లేదు. మనమే చూశామనుకుంటాం.

రాత్రి తమ్ముడికి ఇదే చెప్పాను. నీ సినిమాలో చచ్చే పిల్ల ఎవరో, చచ్చేముందు ఏం చేస్తోందో ముందు రాయరా అని. వాడు గిన్నె అడుగున గట్టిపడ్డ పాకం గీకుతూ, "అదంతా డబ్బింగ్‌లో చూసుకోవచ్చక్కా, రేపు ఇంకో అరకిలో బెల్లం తెప్పించు" అన్నాడు.