కరెంటు పోయిన రాత్రి పూల్ పంపు

డాలస్ చుట్టుపక్కల ఈతకొలనుల మరమ్మతు పని చేసే మాకు చలికంటే, ఆ చలిలో కరెంటు పోతుందేమోనన్న భయమే ఎక్కువ. ఇక్కడ గడ్డకట్టే రోజులు తక్కువ. అందుకే ఉత్తరాది రాష్ట్రాల్లో లాగా శీతాకాలానికి పైపులు ఖాళీ చేసి పూల్ మూసేసే అలవాటు లేదు. ఉష్ణోగ్రత 2, 3 డిగ్రీల సెల్సియస్‌కు దిగగానే సెన్సర్ పంపును నడిపిస్తుంది. పారే నీరు అంత సులువుగా గడ్డకట్టదు. కరెంటు ఉన్నంతవరకే ఈ ధీమా.

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లు చీకట్లో పడ్డాయి. 16వ తేదీన డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలు. పంపులు ఆగాయి, లోపల నిలిచిన నీరు గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బింది. పంపు గుల్లలు, ఫిల్టర్ వాల్వులు, హీటర్లలోని రాగి గొట్టాలు చీలిపోయాయి. విడిభాగాలకు వారాల తరబడి కటకట.

ఆ తర్వాతి రోజుల్లో ఒక తెలుగువారింటికి వెళ్లాను. పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దాయన పెరట్లో నిలబడి, "బాబూ, మంచు కరిగిపోయింది కదా, స్విచ్ వేసేద్దామా?" అన్నారు.

"వద్దండీ, ముందు అన్నీ చూడనివ్వండి" అన్నాను.

ఈ పనిలో నేను మొదట నేర్చుకున్నది అదే. పగులు పడిన చోట మంచే అడ్డుకట్టగా ఉంటుంది. అది కరిగితే గానీ లీకు బయటపడదు. పైగా అన్ని లీకులూ ఒకే తీరుగా కనిపించవు. పంపు దాటాక ఉన్న పైపు పగిలితే పంపు నడుస్తున్నప్పుడు నీరు చిమ్ముతుంది. పంపుకు ముందున్న పైపు పగిలితే నడిచేటప్పుడు చుక్క కూడా కారదు, గాలిని పీల్చుకుంటుంది. పూల్‌లోకి నీరు తిరిగివచ్చే చోట బుడగలు కనిపిస్తే నేను మొదట పంపుకు ముందున్న ఆ పైపునే చూస్తాను. పంపు ఆపాక ఆ పగులు దగ్గరే తడి కనిపిస్తుంది.

పగిలిన పీవీసీ పైపు మీద టేపు చుట్టడం నాకు సమ్మతం కాదు. సన్నని చీలిక కంటికి కనిపించిన దానికంటే దూరం పాకి ఉంటుంది కాబట్టి, రెండు వైపులా గట్టి భాగం దాకా కోసి కొత్త ముక్క వేయాలి. ముందు ప్రైమర్ (జిగురు బాగా పట్టేందుకు పూసే ద్రవం), ఆ పైన జిగురు. చలిలో ఆ జిగురు ఆరడానికి చాలా సమయం పడుతుంది. ఇంటివాళ్లు ఎంత తొందరపెట్టినా అది పూర్తిగా గట్టిపడేదాకా నీటి ఒత్తిడి పెట్టను. హీటర్ లోపలి రాగి గొట్టాలు పోతే మాత్రం ఖర్చు భారీగానే ఉంటుంది. ఆ మాట చెప్పడం ప్రతిసారీ కష్టమే.

ఇంత నష్టాన్నీ కొద్ది నిమిషాల పని ఆపగలదు. అందుకే చలి హెచ్చరిక రాగానే నాకు తెలిసిన తెలుగువాళ్లందరికీ నేనే ఫోను చేసి చెబుతాను. కరెంటు పోతే ముందు పూల్ బ్రేకర్ ఆపేయండి. లేకపోతే కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఖాళీ చేసిన పంపు నీరు లేకుండా నడిచి కాలిపోవచ్చు. హీటర్‌కు గ్యాసు కట్టేయండి. ఫిల్టర్ మీది గాలి వాల్వు తెరవండి. పంపు, ఫిల్టర్, హీటర్ అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్గులు విప్పి నీరంతా పోనివ్వండి. పంపుకు సాధారణంగా రెండు ప్లగ్గులుంటాయి, ఒకటి తీసి సరిపెట్టుకోకండి. కారులో పోసే యాంటీఫ్రీజ్ పూల్ పైపుల్లో పోయకండి, అది విషం. విప్పిన ప్లగ్గులను పంపులో చెత్తను పట్టే బుట్టలోనే పెట్టండి, మళ్లీ బిగించేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు.