నీడిల్ మీద చెయ్యి

పదకొండున్నర. ఇంట్లో అందరూ పడుకున్నారు. సబ్బుతో మూడుసార్లు కడిగినా చేతుల ఆముదం వాసన పోలేదు, ఈవిడ మొహం గోడవైపు తిప్పుకుని పడుకుంది. నాకు నిద్ర పట్టనిది అందుకు కాదు. నా బొమ్మ విమానం ఇంజన్‌కి ఇంధనం ఎంత పోవాలో సరిచేసే మర, నీడిల్, నన్నడక్కుండా వాడు తిప్పాడు.

వాడెవడో మీకు వేరే చెప్పాలా? మా బావమరిదే.

పొద్దున ఏడింటికే మామిడితోటలో పాత బల్లకి ఇంజన్ బిగించాను. 7.5 సీసీ. పదకొండు బై ఆరు అంగుళాల ప్రాపెల్లర్. ఇంధనం నేనే కలిపాను, మిథనాల్ 80 పాళ్లు, ఆముదం 20. ఇంధనాన్ని అంటించే గ్లో ప్లగ్గుకి ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తగిలించి ప్రాపెల్లర్ని కర్రతో కొడితే నాలుగో దెబ్బకే అందుకుంది. నీడిల్ బాగా వదులుగా పెట్టాను, రిచ్‌గా, అంటే ఇంధనం ఎక్కువ పోతూ, తిరగాలని. గుడగుడ, పొగ, బల్లంతా నూనె. కొత్త ఇంజన్ కదా, మెల్లగా అలవాటు చేద్దామని.

వీడు అయిదు నిమిషాలు చూశాడు. "బావా, మరీ చల్లగా తిరగతా ఉంది" అంటూ వెనకనుంచి చెయ్యి పెట్టి నీడిల్ బిగించేశాడు. ఇంజన్ గొంతు మారిపోయి ఒక్కసారిగా కేక పెట్టింది. నాకు గుండె జారిపోయింది. ఇంధనం పైపు నొక్కి ఆపేశాను.

"కొత్త ఇంజన్ రా సామీ!" అన్నాను.

"ఇదేమన్నా స్కూటరా బావా?"

మా చిన్నోడు నవ్వాడు. అక్కడ కాలింది నాకు.

స్కూటరే. 1987లో నాన్న చేతక్ కొన్నాడు. బుక్ చేసి ఎన్నేళ్లు ఎదురుచూశాడో. మొదట కాణిపాకంలో పూజ, చక్రాల కింద నిమ్మకాయలు. ఆ తర్వాత వారానికి చిత్తూరునుంచి తిరుపతికి ప్రయాణం. డెబ్బై కిలోమీటర్లు, ముందు నేను నిలబడి, వెనక అమ్మ, ఆమె ఒళ్లో చెల్లెలు. ముల్లు నలభై దాటకూడదు, రన్నింగ్-ఇన్ అట, కొత్త ఇంజన్‌ని మెల్లగా అలవాటు చేయడం. పూతలపట్టు దాటేలోపే లారీలు, బస్సులు, చివరికి చెరకు ట్రాక్టరు కూడా మమ్మల్ని దాటుకుని పోయాయి. ట్రాక్టరు మీది కుర్రాళ్లు చేతులూపారు. నాకు తల కొట్టేసినట్టయింది. నాన్న మాత్రం ముల్లు మీదనుంచి చూపు తీయలేదు. మధ్యలో చింతచెట్టు కింద ఆపి, ఇంజన్ చల్లారేదాకా అరగంట కూర్చోబెట్టాడు. అమ్మ తెచ్చిన పులిహోర అక్కడే అయిపోయింది. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక అయినా వేగం పెంచాడా? ఆ బండి అమ్మేదాకా నలభై దాటలేదు.

వాడు నీడిల్ బిగించినప్పుడు నాకు నాన్న చేతి మీద ఎవరో చెయ్యి వేసినట్టు అనిపించింది. అలా రాస్తే బాగుంటుంది కానీ, నిజం చెప్పాలంటే అంత లేదు. చిన్నోడి ముందు పరువు పోయింది, అంతే.

ఇందాక డబ్బాలోని కాగితం తీసి మళ్లీ చదివాను. ఇది పిస్టను చుట్టూ రింగు ఉండే ఇంజన్ కాదు, ఏబీసీ, అంటే అల్యూమినియం, బ్రాస్, క్రోమ్. అల్యూమినియం పిస్టను, అది ఆడే గొట్టం, అంటే స్లీవు, లోపల క్రోమ్ పూసిన ఇత్తడిది. స్లీవు లోపల పైకి పోనుపోను కాస్త ఇరుకవుతుంది, అందుకే చల్లగా ఉన్నప్పుడు చేత్తో తిప్పితే పైన పట్టేస్తుంది. వేడెక్కితే పిస్టను కంటే ఇత్తడి ఎక్కువ వ్యాకోచించి దారి ఇస్తుంది. చల్లగానే తిప్పుతూ పోతే ఆ బిగువు మీదే పిస్టను అరిగిపోతుంది. రింగు ఇంజన్‌కి చేసినట్టు గంటలకొద్దీ రిచ్‌గా నానబెట్టడం దీనికి మంచిది కాదు. రెండు మూడు నిమిషాలు కాస్త వేడిగా తిప్పి, ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ. అంటే వాడు చెప్పిందే.

ఈ కాగితం నేను ముందే రెండుసార్లు చదివాను. బల్ల దగ్గరికి పోయేసరికి ఎక్కడికి పోయిందో ఆ చదువంతా.

అయినా ఒక్క మాట అడగొచ్చు కదా? మరీ అంత బిగించక్కర్లేదు కూడా. సగం బిగిస్తే చాలేది. రెండో ట్యాంకుకి నేనే, వాడు చూడకుండా, ఆ సగం బిగించాను. చక్కగా తిరిగింది.

ఇంకా అయిదారు ట్యాంకులు తిప్పాలి. ఆదివారం వాణ్ణి పిలవకూడదనే అనుకున్నాను. కానీ బల్ల కదలకుండా పట్టుకునేదెవరు? తోట కూడా వాళ్ల నాన్నదే.