గైడ్ పేపర్ల జాబితా ఎలా చదవాలి

విశాఖలో ఇమ్యునాలజీ, సెల్ బయాలజీ పీహెచ్‌డీకి గైడ్‌ను వెతుక్కునే పిల్లలు ముందు అడిగేది హెచ్-ఇండెక్స్ ఎంత అనే. అది 20 అంటే కనీసం 20 సైటేషన్లు (వేరే పేపర్లు వాటిని ప్రస్తావించిన సార్లు) చొప్పున ఉన్న పేపర్లు 20 ఉన్నాయని, అంతే. సొంత ప్రయోగాలు కాకుండా ఇతరుల పనిని సమీక్షించే రివ్యూ పేపర్లు నాలుగు బాగా ఆడినా అది కొంత పెరుగుతుంది.

మన పేర్లతోనే అసలు చిక్కు. వైద్య, జీవశాస్త్ర పేపర్ల డేటాబేస్ పబ్‌మెడ్‌లో రచయితల పేర్లు ఇంటిపేరు, పొడి అక్షరాలుగా ఉంటాయి. ఒకే మనిషి ఒక పేపర్లో ‘రావు కె.వి.’ అవుతారు, ఇంకోదాంట్లో అసలు ఇంటిపేరుతో కనబడతారు. పరిశోధకులను గుర్తించే 16 అంకెల ఆర్కిడ్ ఐడీ ఉంటే దాంతోనే వెతకండి. లేకపోతే పేరుకి సంస్థ పేరు, సహరచయితల పేర్లు కలపండి. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్లోకి వేరేవాళ్ల పేపర్లు కూడా వచ్చి చేరుతుంటాయి, జాగ్రత్త.

ఈ రంగంలో మొదటి పేరు సాధారణంగా బెంచ్ మీద, అంటే ల్యాబ్‌లో స్వయంగా ప్రయోగాలు చేసినవారిది, చివరిది ల్యాబ్ నడిపేవారిది. గైడ్ పేరు చివర ఉన్న కొత్త పేపర్లలో మొదటి పేరు విద్యార్థులదేనా చూడండి. నాకైతే హెచ్-ఇండెక్స్ కన్నా ఇదే ముఖ్యం.

తర్వాత రెండు పేపర్లు తెరిచి మెథడ్స్ చదవండి. ఫ్లో సైటోమెట్రీలో (కణాలకు రంగు యాంటీబాడీలు అంటించి ఒక్కొక్కటిగా కొలిచే పద్ధతి) అతుక్కున్న జంట కణాలను, చచ్చిన కణాలను తీసేశారా? చచ్చిన కణాలకు యాంటీబాడీలు ఊరికే అంటుకుంటాయి, లేని కణాలు ఉన్నట్టు చూపిస్తాయి. ఎఫ్ఎంఓ కంట్రోల్ (ఒక్క రంగు తప్ప మిగతావన్నీ వేసిన పోలిక నమూనా) ఉందా? సెల్ లైన్‌కి (ల్యాబ్‌లో పెంచుతూ వచ్చే కణాలు) మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా సోకిందేమో పరీక్ష చేశారా? ‘ఎన్ = 90’ (ఎన్ అంటే నమూనాల సంఖ్య) అంటే ఒకే డిష్‌లోని 90 కణాలా, విడివిడి ప్రయోగాలా? ఒకే డిష్ అయితే ఆ పీ-విలువను (ఫలితాన్ని ఎంత నమ్మొచ్చో చెప్పడానికి వాడే గణాంకాల అంకె) నేను నమ్మను.